ధరావతు పోగొట్టుకొనువారు

సికింద్రాబాదు నుండి ఉత్తరమునకు బయలుదేరిన కరీంనగరము బాట అల్వాలు, తూముకుంటలు దాటి శామీర్‌పేటను చేరును. ఆ ప్రాంతముననే అంతాయిపల్లిలో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టరు కచేరీ ఉన్నది. 2024 ఏప్రిల్ మాసములో ఈ జిల్లా అధికారుల ముందు మల్కాజిగిరి లోక్‌సభ స్థానమునకు 177 నామినేషను పత్రములు దాఖలైనవి. ఆ సార్వత్రిక ఎన్నికల నాలుగవ విడతలో దేశమున 96 స్థానములకు పోలింగు జరిగినది. వాటిలో మరి దేనికిని ఇన్ని పత్రములు రాలేదు. తరువాతి వరుస నల్లగొండ, భువనగిరులది. ఒక్కొక్క దానికి 114.

పత్రములు 177 అన్నంత మాత్రమున మనుష్యులు 177 మంది కారు. ఒక్కొక్క అభ్యర్థి ఒకే స్థానమునకు నాలుగు పత్రముల వరకు దాఖలు చేయవచ్చును. ఒక దానిలో తప్పు దొర్లినను మరియొకటి నిలుచునని ముందుచూపు గలవారు అట్లు చేయుదురు. పరిశీలనలో కొన్ని పోయినవి; కొందరు తామే వెనుకకు తీసికొన్నారు. చివరకు రంగమున మిగిలినవారు 22 మంది. గెలిచినవారు ఒక్కరు. ఆ ఒక్కరి పేరు బడి పిల్లవానికి సైతము తెలియును. తక్కినవారిలో రెండు మూడు పేర్లు పెద్ద పార్టీలవి గనుక కొంతకాలము జ్ఞాపకముండును. మిగిలిన పేర్లను లెక్కింపు ముగిసిన సాయంకాలము తరువాత తలచువారెవరు?

అంతకు ముందు సంవత్సరము, 2023 నవంబరులో, శాసనసభ ఎన్నికలప్పుడును ఈ ప్రాంతమున ఇదే రద్దీ. మేడ్చల్ స్థానమునకు నామినేషన్లు వేసినవారు నూరు మందికి పైబడినారు. శామీర్‌పేట దాటి కొంత దూరము పోగానే మొదలగు గజ్వేలులో అంతకంటె ఎక్కువ. అక్కడ నాటి ముఖ్యమంత్రి పోటీ చేయుచుండుటచేత, తమ గోడును ఆయన చెవిని వేయదలచిన బాధితులనేకులు నామినేషను పత్రమునే అర్జీగా మార్చుకొన్నారు. ఉపసంహరణల తరువాత కూడ గజ్వేలులో 44 మంది నిలిచినారు.

ఓడుదుమని తెలిసియు వీరెందులకు నిలుచుచున్నారు? ఒకమారు నిలిచినవాని మాట అట్లుంచి, బ్రదుకంతయు నిలుచుటకే అంకితము చేసినవాని నేమనవలెను?

అట్టివారిలో దేశమంతట పేరు వినబడునది కె. పద్మరాజన్‌ది. ఆయన తమిళనాడులోని సేలము జిల్లా మేట్టూరు నివాసి. టైర్ల మరమ్మతు దుకాణము ఆయన జీవనాధారము. 1988లో సొంత ఊరి స్థానమునకు పోటీ చేయుదునని బయలుదేరినప్పుడు చుట్టుప్రక్కలవారు నవ్వినారట. టైర్లకు అతుకులు వేయువాడు శాసనసభ్యుడగుటయా యని. సామాన్యుడు కూడ నిలువవచ్చునని చూపుటకే తాను పూనుకొంటినని ఆయన చెప్పుమాట. నాటి నుండి మొదలైన నడక ఆగలేదు. 2024 నాటికి ఆయన లెక్క 238 దాటినది. స్థానిక సంస్థలు మొదలు రాష్ట్రపతి పదవి వరకు ఆయన తట్టని తలుపు లేదు. వాజపేయి, మన్మోహన్ సింగు, జయలలిత, కరుణానిధి మున్నగువారు పోటీ చేసిన ఎన్నికలలో పత్రములు వేసినారు. 2014లో వడోదరలో నరేంద్ర మోదీ పైనను, 2019లో వయనాడులో రాహుల్ గాంధీ పైనను నిలిచినారు. 2024లో ధర్మపురి నుండి పోటీ చేసినారు. దేశములో అత్యంత విఫలుడైన అభ్యర్థిగా లిమ్కా రికార్డుల గ్రంథమున కెక్కినారు. ఈ బిరుదమును ఆయన కిరీటమువలె ధరించుచున్నారు.

తెలుగుదేశముతో ఆయనకు గల సంబంధము 1991 నాటిది. ఆ సంవత్సరము జూన్ 21న పి. వి. నరసింహారావు ప్రధానమంత్రి అయినారు. అప్పటికి ఆయన పార్లమెంటు ఉభయ సభలలో దేనిలోను సభ్యులు కారు. ఆరు మాసములలోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావలెనను రాజ్యాంగ నియమమును బట్టి నంద్యాల ఉప ఎన్నికలో నిలిచినారు. తెలుగువాడు తొలిమారు ప్రధాని అయినాడను గౌరవముతో తెలుగుదేశము పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. పి. వి. 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచినారు. ఊరంతయు ఒక వైపు నిలిచిన ఆ ఉప ఎన్నికలో నామినేషను వేయవచ్చినవారిలో మేట్టూరు దుకాణదారుడు ఒకడు. నామినేషను వేసిన పిదప తన్ను కొందరు ఎత్తుకొనిపోయినారని, ఎట్లో బయటపడితినని ఆయన అనంతరము పలుమారులు చెప్పుకొన్నారు. ఆయనకు తగిలిన గట్టి దెబ్బ అదేనేమో. అయినను ఆ తరువాత మానుకొనలేదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన న్యాయసూక్ష్మము ఒకటి ఉన్నది. లోక్‌సభకు దేశములో ఎక్కడ ఓటరుగా నమోదైనవాడైనను ఎచ్చటినుండియైనను పోటీ చేయవచ్చును. కనుకనే మేట్టూరువాడు నంద్యాలకు, వడోదరకు, వయనాడుకు పోగలిగినాడు. శాసనసభ సంగతి అట్లు కాదు. ఆ రాష్ట్రములో ఏదో ఒక నియోజకవర్గమున ఓటరై యుండవలెను. తమిళనాడు ఓటరు మేడ్చల్ శాసనసభ స్థానమునకు పత్రము వేసినచో అది పరిశీలన దినమున తప్పక తిరస్కృతమగును. రాష్ట్రపతి పదవికైతే పార్లమెంటు, శాసనసభల సభ్యులే పేరు ప్రతిపాదింపవలెను. అందుచేత ఆయన చెప్పుకొను 238 సంఖ్యలో చేరినవన్నియు ఓటరు ముందుకు వచ్చిన పోటీలు కావు. వాటిలో కొన్ని కచేరీ గుమ్మము దాటనివి. సంఖ్యను చూచి ఆశ్చర్యపడు పత్రికలు ఈ భేదమును సాధారణముగా విడిచివేయుచున్నవి.

ఆయన జీవితములో నిజముగా ఆలోచింపదగిన ఘట్టము నంద్యాల కాదు. 2011లో మేట్టూరు శాసనసభ ఎన్నిక. ఆ యేడు ఆయనకు 6,273 ఓట్లు వచ్చినవి. గెలిచినవారికి వచ్చినవి 75 వేలకు పైగా. ధరావతు యథాప్రకారము పోయినది. ఒక్క ఓటైనను రాదనుకొంటినని, జనము తన్ను ఒప్పుకొనుచున్నారని దీనివలన తెలిసినదని ఆయన సంతోషించినారు. మరి ఆయనయే, తాను గెలుపు కోరి నిలుచుట లేదని, ఓటమియే తనకు మేలని, గెలిచినచో గుండె ఆగిపోవునని నవ్వుచు చెప్పుచుందురు. నామినేషను పత్రములను, గుర్తింపు కార్డులను చెడిపోకుండ లామినేషను చేయించి దాచుకొన్నారు.

ఈ రెండు మాటలును పొసగునా? ఓటరు బారులో నిలిచి, యెండకోర్చి, ఒక పేరునకు ఎదురుగా గుర్తు నొక్కుట వినోదము కాదు. 6,273 మంది ఆ పని చేసినారు. వారిలో కొందరు పెద్ద పార్టీలపై అలిగి ఉందురు. కొందరు ఎరిగిన మనిషి యను అభిమానముతో వేసి ఉందురు. ఎట్లు వేసినను, గెలుచుటకు భయపడువానికి వారు తమ ఓటు నిచ్చినారు. సామాన్యునికి తలుపు తెరచియున్నదని నిరూపించుటకు ఒకటి రెండు మారులు చాలును. రెండువందల ముప్పది మారులు నిరూపించినది తలుపును కాదు, తట్టువాని పట్టుదలను. ఆయన చేసినది దోషమని అనుటకు వీలులేదు. సొంత సంపాదన ఖర్చు పెట్టినాడే గాని ఒకరి సొమ్ము తినలేదు. కాని ఆ 6,273 మందికి ఆయన బాకీపడినాడనక తప్పదు.

ఈ సందర్భమున మరియొక వృద్ధుని జ్ఞాపకము చేసికొనవలెను. ఒడిశాలోని బరంపురములో శ్యాంబాబు సుబుద్ధి యను హోమియోపతి వైద్యుడు 1962 నుండి ఎన్నికలలో నిలిచినారు. బరంపురము 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది, వి. వి. గిరి పుట్టిన ఊరు. నేటికిని తెలుగు కుటుంబములు అసంఖ్యాకముగా నివసించు పట్టణము. సుబుద్ధి ఒడియావారు. బరంపురము, అస్కా స్థానములలోను, శాసనసభకును పోటీచేసి ముప్పదికి పైగా ఓటములు చవిచూచినారు. బిజూ పట్నాయక్‌పై నిలిచినారు. 1996లో పి. వి. నరసింహారావు నంద్యాలతో పాటు బరంపురము నుండియు పోటీ చేసినప్పుడు, అక్కడ ఆయన కెదురు నిలిచినవారిలో సుబుద్ధి ఒకరు. పి. వి. రెండు చోట్లను గెలిచి బరంపురమునే ఉంచుకొన్నారు. వింతయేమనగా, ఐదేండ్ల యెడములో ఒకే ప్రధానికి ఇద్దరు చిరకాల అభ్యర్థులు తగిలినారు.

సుబుద్ధి ప్రచారమునకు వాహనములు లేవు. రైళ్లలో, బస్సులలో, సంతలలో తిరిగి తానే ఓటు అడుగుట ఆయన పద్ధతి. 2019లో ఎనుబది యేండ్లు దాటిన వయస్సున కూడ అట్లే తిరిగినారు. గెలుపోటములతో నిమిత్తము లేకుండ పోరాటము సాగించవలెనని ఆయన మాట. పద్మరాజన్ పత్రము దాఖలు చేయుటతో పని ముగిసినదని తలచును. సుబుద్ధికి పని అప్పుడే మొదలు. ఒకరికి రసీదు ముఖ్యము, మరొకరికి ఓటరు ముఖ్యము. ఓటమి ఇద్దరికిని ఒక్కటే గాని, ఎన్నుకొనుమన్నచో బరంపురము వైద్యునివైపే మొగ్గవలసియుండును.

ఇక ధరావతు సంగతి. అభ్యర్థి నామినేషనుతో పాటు కట్టు సొమ్ము ఇది. పోలై చెల్లిన ఓట్లలో ఆరవ వంతుకు మించి రాకున్నచో ఆ సొమ్ము ప్రభుత్వమునకు పోవును. ఈ యేర్పాటు మనకు బ్రిటనునుండి సంక్రమించినది. అక్కడ 1918లో 150 పౌనులతో ఆరంభమైనది. మనదేశములో 1951 చట్టమున లోక్‌సభకు 500 రూపాయలు, శాసనసభకు 250. షెడ్యూల్డు కులములకు, తెగలకు అందులో సగము. నలుబదియైదేండ్లు ఆ మొత్తము మారలేదు. 1951లో 500 రూపాయలు బడిపంతులుకు అనేక మాసముల జీతము. 1996 నాటికి అది ఒక పేదరైతు సైతము అప్పుసప్పు చేసి తేగల మొత్తమైనది.

ఆరవ వంతు అనునది అందరికిని ఒకే కొలతవలె కనబడును గాని, చోటును బట్టి దాని బరువు మారును. మల్కాజిగిరి ఓటర్ల సంఖ్యలో దేశములోనే పెద్ద లోక్‌సభ నియోజకవర్గము. 2019లో అక్కడ ఓటర్లు 31 లక్షలకు పైగా. సగము మందే ఓటు వేసినారు. అయినను ధరావతు దక్కుటకు రెండున్నర లక్షలకు పైగా ఓట్లు కావలసివచ్చినది. అదే యేడు లక్షద్వీపములో మొత్తము ఓటర్లు సుమారు 55 వేలు. అక్కడ 8 వేల ఓట్లతో ధరావతు దక్కును. కట్టవలసిన సొమ్ము మల్కాజిగిరిలో 25 వేలు; లక్షద్వీపము షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానము గనుక అక్కడ అందులో సగము. మేడ్చల్‌లో ఇంటింటికి తిరిగి పదివేల మంది ఓట్లు సంపాదించిన స్వతంత్రుడు ఓటమితో పాటు అవమానమును కూడ మూటగట్టుకొనును. ద్వీపములో అదే మనిషి గౌరవముగా సొమ్ము వెనుకకు తెచ్చుకొనును. గణితము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి లెక్క.

ధరావతు పెరుగుటకు కారణమైనవారిలో తెలుగువారు ముందున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచినారు. వీరు కీర్తికాంక్షతో వచ్చినవారు కారు. ఆ జిల్లా భూగర్భ జలములలో ఫ్లోరైడు విషము. ఆ నీరు త్రాగిన పిల్లల పండ్లు గారపట్టును. ఎముకలు వంకరలు పోవును. నడివయస్సుననే నడుము వంగిపోవును. దశాబ్దములుగా విన్నపములు చేసి విసిగి, జలసాధన సమితి పేరున జనము కదలినది. అర్జీ పెట్టినచో బుట్టదాఖలగును. నామినేషను వేసినచో అధికారి దానిని చదివి తీరవలెను గదా! ప్రతి పేరును అచ్చు వేయవలెను, ప్రతివానికి ఒక గుర్తు ఇవ్వవలెను. బ్యాలెట్ పత్రము పత్రముగా ఉండక పుస్తకమైనది. పోలింగు వాయిదా పడినది. ఆ మారు భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షము గెలిచినారు. గ్రామములనుండి వచ్చిన అభ్యర్థులకు ధరావతు పోయినది. నల్లగొండ నీటి గోడు మాత్రము దేశమంతటికిని వినబడినది.

అదే ఎన్నికల కాలమున తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానమునకు రైతులు కదలిరాగా 1,033 మంది అభ్యర్థులైనారు. బెల్గాములో 456 మంది. దేశము మొత్తముమీద లోక్‌సభకు 13,952 మంది నిలిచినారు. ప్రభుత్వము ఉలికిపడి ఆ సంవత్సరమే చట్టమును సవరించినది. ధరావతు ఒక్కసారిగా లోక్‌సభకు 10 వేలు, శాసనసభకు 5 వేలు అయినది. గుర్తింపు పొందిన పార్టీ అండలేనివాడు పదిమంది ఓటర్లచే ప్రతిపాదింపబడవలెనన్నారు. ఒక మనిషి రెండింటికి మించి స్థానములలో నిలువరాదన్నారు. ఫలితము వెంటనే కనబడినది: 1998లో అభ్యర్థులు 4,750 మందే. 2010 నుండి ధరావతు మరల పెరిగి 25 వేలు, 10 వేలు అయినది.

ఈ సవరణ ఎవరిని ఆపినది? పద్మరాజన్‌ను ఆపలేదు, ఆయన దుకాణపు ఆదాయములోనుండి కట్టుచునే ఉన్నారు. పెద్ద పార్టీలు ఎదుటివాని పేరును పోలిన పేరుగలవానిని వెదకి తెచ్చి నిలుపు ఆటను ఆపలేదు. వారికి 25 వేలొక లెక్క కాదు. ఆపినది నల్లగొండ పల్లెలోని మనిషిని. ధరావతు వేళాకోళమునకు విధించిన సుంకమని చట్టము అనుకొన్నది గాని, వేళాకోళమేదో వేదనయేదో తూచగల తక్కెడ దాని చేతిలో లేదు.

అనామకుల పోటీ వలన కీడు లేదని దీని యర్థము కాదు. మేడ్చల్‌కు తూర్పుననున్న భువనగిరిలో 2019లో గెలిచినవారి ఆధిక్యము 5,219 ఓట్లు. ఆ ఎన్నికలోనే రోడ్డు రోలరు గుర్తుపై నిలిచిన అభ్యర్థికి 27 వేలకు పైగా ఓట్లు వచ్చినవి. తమ కారు గుర్తునకు పడవలసినవి పోలిక వలన రోలరునకు పడినవని ఓడిన పార్టీ మొరపెట్టుకొన్నది. ఏ ఓటరు ఏమి తలచి నొక్కినదియు ఎవరు చెప్పగలరు? అయినను అంకెలు రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, ఆ మొరను నవ్వి త్రోసివేయుట కష్టము.

మేడ్చల్ ఊరిమీదుగా పోవు జాతీయ రహదారిని పట్టుకొని తూప్రాను దాటి ఉత్తరమునకు సాగినచో నిజామాబాదు వచ్చును. నల్లగొండ కథ అక్కడ 2019లో మరల జరిగినది. పసుపునకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావలెనని రైతులు నామినేషన్లు వేసినారు. ధరావతు 25 వేలైనను వెనుకాడలేదు. అభ్యర్థులు మొత్తము 185 మంది. అందులో ఎక్కువమంది పసుపు, ఎఱ్ఱజొన్న పండించువారు. ఓటింగు యంత్రపు ఒక్కొక్క భాగముపై 16 పేర్లు మాత్రమే పట్టును. పాతరకము యంత్రములకు నాలుగు భాగములు కలిపినను 64 పేర్లకు మించవు. అందుచేత కొత్తరకపు యంత్రములను తెప్పించి, ఒక్కొక్క పోలింగు కేంద్రములో పండ్రెండు భాగములను బల్లలమీద వరుసగా పేర్చినారు. ఓటరు తన గుర్తును వెదకుకొనుచు ఆ మూలనుండి ఈ మూలకు నడచినాడు.

పెద్దలకు ఆ దృశ్యము మొదటి సార్వత్రిక ఎన్నికలను తలపించి ఉండును. 1952, 1957లలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ప్రత్యేకమైన పెట్టె ఉండెడిది. పెట్టెపై గుర్తు అంటించియుండెడిది. ఓటరు తెర వెనుకకు పోయి తనకు నచ్చిన పెట్టెలో కాగితము వేసి వచ్చెడివాడు. పత్రముపై ముద్ర వేయు పద్ధతి 1962 ఎన్నికలనాటికి స్థిరపడినది. నిజామాబాదులో 2019న నాటి ముఖ్యమంత్రి కుమార్తె కవిత ఓడినారు. ధర్మపురి అరవింద్ గెలిచినారు. రైతు అభ్యర్థులలో ఒక్కరును గెలువలేదు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. దానిని తెచ్చినవారు తామేనని చెప్పుకొను నాయకులకు కొదువలేదు. ధరావతు పోగొట్టుకొన్నవారి పేర్లు ఆ సభలలో వినబడినట్లు లేదు.

ఇట్టి అనుభవము ఇతర దేశములలోను ఉన్నది. 1963లో బ్రిటనులో స్ట్రాట్‌ఫర్డు ఉప ఎన్నికకు డేవిడ్ సచ్ అను పాటగాడు నిలిచినాడు. పొడుగు జుట్టు, విచిత్ర వేషము. జనము ఆటగా చూచినారు. అతడడిగిన వాటిలో ఒకటి, ఓటు వయస్సును 21 నుండి 18కి తగ్గించవలెనని. ఆరేండ్లకు, 1969లో, బ్రిటను ఆ పని చేసినది. అతడు మాత్రము 1990లలోను పోటీ చేయుచునే, ఓడుచునే ఉండెను. మనదేశములో అదే మార్పు 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో అమలునకు వచ్చినది.

రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలోను ఇట్టి మనిషి ఒకడు గలడు. చౌదరి హరిరాం 1952లో రాజేంద్రప్రసాదుపై నిలిచి 1,954 విలువగల ఓట్లు పొందినాడు. 1957లోను, 1962లోను మరల నిలిచినాడు. 1962లో ఆయనకు 6,341 వచ్చినవి. 1967లో రాష్ట్రపతి పదవికి 17 మంది పోటీచేయగా తొమ్మండుగురకు ఒక్క ఓటును రాలేదు. ఆ యేడు జాకీర్ హుస్సేనుకు గట్టి పోటీ ఇచ్చి ఓడినవారు తెలుగువారైన కోకా సుబ్బారావు, అంతకుముందే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని విడిచి వచ్చినవారు. అభ్యర్థుల తాకిడికి విసుగుచెంది 1974లో నియమములను బిగించినారు: పదిమంది ప్రతిపాదించవలెను, పదిమంది బలపరచవలెను. దాని ఫలితము 1977లో అనంతపురము జిల్లా ఇల్లూరువారైన నీలం సంజీవరెడ్డికి దక్కినది. 37 మంది పత్రములు వేయగా 36 తిరస్కృతములైనవి. ఆయన ఏకగ్రీవముగా రాష్ట్రపతి అయినారు. 1969లో అదే పదవికి నిలిచి వి. వి. గిరి చేతిలో ఓడినవారు సంజీవరెడ్డియే యని చరిత్ర చదువు విద్యార్థులకు తెలియును. ఓడినవాడు మరల నిలుచుట సామాన్యుడు చేసినచో పిచ్చి యనుట, పెద్దలు చేసినచో పట్టుదల యనుట లోకరీతి.

మేడ్చల్, శామీర్‌పేటలలో ఈ విషయము ఇప్పుడు మరొక రూపమున ముందుకు వచ్చియున్నది. పార్లమెంటుకు 25 వేలు, శాసనసభకు 10 వేలు కట్టలేనివానికి ఊరిలోనే ఒక చిన్న తలుపు ఉండెడిది. తెలంగాణ గ్రామ పంచాయతీలలో సర్పంచి పదవికి ధరావతు 2 వేలు. వార్డు సభ్యత్వమునకు 500. వెనుకబడిన వర్గములకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు అందులో సగము. వార్డులో ఓటర్లు కొన్ని వందలమంది. అభ్యర్థికి వాహనము అక్కరలేదు. ప్రతి గడపయు ఎరిగినదే. కూలివాడు, చాకలి, పదవ తరగతితో చదువు మానిన పిల్ల, ఎవరైనను ఒకమారు ఓడి, మరల అయిదేండ్లకు నిలిచి, మూడవమారు గెలువగల చోటు అది. అక్కడ పదేపదే నిలుచుట వింత కాదు, అది ఊరివాడుక.

2024, 2025 సంవత్సరములలో ఈ జిల్లాలోని గ్రామ పంచాయతీలన్నియు పురపాలక సంఘములలో కలిసిపోయినవి. శామీర్‌పేటయు వాటిలో ఒకటి. నగరము పెరుగుచున్నప్పుడు రోడ్లు, మురుగు కాలువలు, నీటి గొట్టములు ఒక పద్ధతిని సాగుటకు అది అవసరమని పాలకుల వాదన. అందులో నిజము లేకపోలేదు. 2025 డిసెంబరులో తెలంగాణలోని 31 జిల్లాలలో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. సర్పంచి పదవికి, వార్డులకు వేలకొలది సామాన్యులు పత్రములు పట్టుకొని బారులుతీరినారు. హైదరాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలలో మాత్రము ఆ ఎన్నికలు లేవు. 500 రూపాయలు చేతబట్టుకొని వార్డు సభ్యత్వమునకు నిలువదలచిన శామీర్‌పేట మనిషికి ఆ డిసెంబరులో నామినేషను వేయుటకు పంచాయతీ లేదు.